గాజుకి గట్లు

మా వంటింటి అటక మీద ఒక తెల్ల పళ్లెం ఉంది. చుట్టూ నీలం అంచు. మా అమ్మ దాన్ని పింగాణీ పళ్లెం అనేది, మేమూ అలాగే అన్నాం. మొన్న వేసవి సెలవులకి తాడేపల్లి వచ్చిన మా మనవరాలు దాన్ని కిందికి దించుతూ చెయ్యి జార్చింది. ఖంగుమని మోగింది గానీ పగల్లేదు. అంచున గోరంత తెల్ల పెచ్చు మాత్రం లేచిపోయింది. పిల్ల దాన్ని వసారాలోకి తెచ్చి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"తాతయ్యా, పింగాణీ అయితే పగలాలిగా? ఇదిగో, ఇక్కడ పాత దెబ్బ దగ్గర తుప్పు కూడా పట్టింది. పింగాణీకి తుప్పు పడుతుందా?"

ఎంత మంచి ప్రశ్న! మూడు తరాలు ఆ పళ్లెంలో అన్నం తిన్నాయి, ఈ ప్రశ్న అడిగింది మాత్రం ఇదొక్కతే. తుప్పు పట్టిందంటే లోపల ఇనుముందన్న మాట. అది పింగాణీ కాదమ్మా, ఇనప రేకు మీద గాజు కరిగించి పరిచిన పూత. ఎనామిల్ అంటారు. పింగాణీ అంటే కాల్చిన మట్టి, ఎక్కడ విరగ్గొట్టినా లోపలంతా మట్టే. ఇక్కడ లోపల లోహం, పైన గాజు. నీ చేతికున్న గాజూ, ఈ పళ్లెం మీది తెలుపూ ఒక ఇంటి ఆడపడుచులే.

"మరి హైదరాబాదులో మనం చూసిన చైనా కూజాలూ?" అంది వెంటనే. అవీ ఇంతే. రేకు ఇనుము కాదు, రాగి. అంతే తేడా.

అంతకు నెల రోజుల ముందే మేమిద్దరం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లొచ్చాం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889లో పుట్టాడు. 23 ఏళ్లకే ఏడవ నిజాముకి ప్రధానమంత్రి అయ్యాడు, రెండేళ్లలో ఆ పదవి వదిలేశాడు. 1949లో పోయేదాకా ప్రపంచం నలుమూలల నుంచీ వస్తువులు సేకరిస్తూనే ఉన్నాడు. ఆయన పోయిన రెండేళ్లకి, 1951 డిసెంబరు 16న, ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం తెరిచారు. ఇప్పుడున్న మూసీ ఒడ్డు భవనంలోకి 1968లో మార్చారు. అందరూ మేలిముసుగు రెబెక్కా దగ్గరా, గంటలు కొట్టే గడియారం దగ్గరా గుమిగూడతారు. తూర్పు దేశాల గదుల్లో జనం పల్చగా ఉంటారు. చైనా కంచు, లక్క పని, కుట్టుపని, పింగాణీ, వాటితోపాటు ఈ ఎనామిల్ పనీ అక్కడే. నాకు ఆ గదులంటే ప్రాణం. అద్దానికి ముక్కు ఆనించి ఎంతసేపు చూసినా తోసేవాళ్లుండరు.

ఆ రోజు కూడా పిల్ల ఒక ప్రశ్న వేసింది. ఈ రకం చైనా పాత్రల మీద ఆకాశనీలం నేల మీద తామరపువ్వులుంటాయి. పువ్వుకీ పువ్వుకీ మధ్య మెలికలు తిరిగే తీగలు. తీగ లేని చోట చిన్న చిన్న మబ్బు చుట్టలు. అన్నిటి చుట్టూ బంగారు గీత. "పువ్వు బాగుంది తాతయ్యా. మధ్యలో ఈ మెలికలన్నీ ఎందుకు ఇరికించారు? కాస్త ఖాళీ వదిలితే ఏం పోయింది?" అంది. అప్పుడు గదులు మూసే వేళయింది, ఇంటికెళ్లాక చెప్తానన్నాను. ఈ పళ్లెం పడటంతో ఆ బాకీ తీర్చే వేళ వచ్చింది.

ముందు నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి.

నాకు పదేళ్లప్పుడు మా వీధిలో కంసాలి ఒకాయన ఉండేవాడు. బడి అయ్యాక ఆయన కుంపటి ముందే నా మకాం. ఊదుగొట్టంతో మంటని సూదిలా సాగదీసి ముక్కుపుడకకి టంకం పెడుతుంటే రెప్ప వెయ్యకుండా చూసేవాణ్ణి. ఒకరోజు మా అక్క నీలం గాజు పగిలింది. ఆ ముక్కా, ఒక పాత రాగి డబ్బూ పట్టుకెళ్లి, "ఈ గాజుని దీనికి అతికించవా, బాబాయ్" అన్నాను. ఆయన నవ్వి, డబ్బుని బొగ్గుల మీద పెట్టి, మీద గాజు ముక్క పెట్టి ఊదాడు. రాగి ఎర్రబడింది. గాజు అంచులు గుండ్రమయ్యాయి, తర్వాత తేనెలా జారి డబ్బంతా పరుచుకుంది. ఎంత అందంగా ఉందో! పట్టకారుతో తీసి పక్కన పెట్టాడు. ఇద్దరం చూస్తున్నాం. చల్లారుతూ చల్లారుతూ 'టప్' మంది. గాజు బిళ్ల పెచ్చుగా లేచి ఎగిరి అవతల పడింది. "దానికీ దీనికీ పొత్తు కుదరదురా అబ్బాయ్" అన్నాడాయన.

ఆ పొత్తు ఎందుకు కుదరలేదో కాలేజీకి వెళ్లాకే అర్థమైంది. వేడికి వస్తువులు సాగుతాయి, చల్లబడితే ముడుచుకుంటాయి. మన కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర పట్టాల అతుకుల్లో సందులు వదిలేవారు, ఎందుకనుకున్నావు? ఎండకి ఇనుము సాగుతుందనే. అయితే అన్నీ ఒకేలా సాగవు. కరిగిన గాజు సుమారు 500 డిగ్రీల దగ్గర బిగుసుకుంటుంది. అక్కడి నుంచి మామూలు వేడికి దిగేలోపల మీటరు పొడవు రాగి 8 మిల్లీమీటర్లు ముడుచుకుంటే, మామూలు గాజు 4 మిల్లీమీటర్లే ముడుచుకుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకునే ఉన్నారు, ఒకరు మాత్రం రెండింతలు లోపలికి లాగుతున్నారు. గాజు ఆ నొక్కుడు భరించలేక లేచిపోయింది.

దీనికి ఎదురు ఇబ్బంది కూడా ఉంది. గాజే లోహం కన్నా ఎక్కువ ముడుచుకుందనుకో, అప్పుడు నెర్రెలిస్తుంది. ఏప్రిల్ నెలలో పత్తి తీసేసిన చేను చూడు. నల్లరేగడి ఎండి ముడుచుకుంటుంది, కింద తడి ఉన్న మట్టి ముడుచుకోదు. పై పొర ఎటూ పోలేక కాలు దిగేంత నెర్రెలు విచ్చుతుంది. గాజు సంగతీ అదే. నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. అందుకే ఎనామిల్ పనివాడు రెంటికీ మధ్య దారి వెతుక్కుంటాడు. గాజులో సీసమూ, పొటాషు వంటి క్షారాలూ పాళ్లు చూసి కలిపి, అది రాగితో దాదాపు సమానంగా, రాగి కన్నా ఒక పిసరు తక్కువగా ముడుచుకునేలా చేస్తాడు. అప్పుడు రాగి గాజుని నెమ్మదిగా, ఎప్పటికీ నొక్కి పట్టుకునే ఉంటుంది. ఆ కాస్త నొక్కుడే దాని బలం.

ఆ చైనా కూజాలు చేసిన రోజుల్లో ఈ పాళ్లు అంత కచ్చితంగా కుదిరేవి కావు. థర్మామీటరు లేదు, పట్టికలు లేవు. మరి రెండడుగుల కూజా మీద గాజు ఎలా నిలబెట్టారు? దాన్ని చిన్న చిన్న మళ్లుగా కోసి.

నీకు వరి పొలం తెలుసుగా. పదెకరాల చెక్కని ఒకటే మడిగా ఉంచితే నీళ్లన్నీ పల్లానికి పోతాయి. గట్లు వేసి మళ్లు చేస్తే ఏ మడి నీళ్లు ఆ మడిలో ఉంటాయి. చైనా పనివాడు రాగి పాత్ర మీద వేసింది ఈ గట్లే. మన కంసాలి కమ్మచ్చులో లాగిన తీగ ఉంటుందే, దాన్ని చదును చేసి సన్నని పట్టీ చేశాడనుకో. ఆ పట్టీని పడుకోబెట్టడు, అంచు మీద నిలబెడతాడు. పువ్వు రేకుకి తగ్గట్టు పట్టకారుతో వంచి, వేరు జిగురుతో పాత్రకి అంటిస్తాడు, టంకంతో బిగిస్తాడు. అలా పాత్రంతా వేల గదులవుతుంది. గాజుని మెత్తగా నూరి, నీళ్లతో తడిపి, ఏ గదిలో ఏ రంగో ఆ ముద్ద నింపుతాడు. ఆరాక 800 డిగ్రీల చుట్టూ కాల్పు. పొడి కరిగితే కుంగిపోతుంది, బస్తాలో పోసిన కారం కుదిపితే దిగిపోయినట్టు. మళ్లీ నింపి మళ్లీ కాల్చాలి. మూడు సార్లు, నాలుగు సార్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. గదులు అంచుల దాకా నిండాక రాయితోనూ బొగ్గుతోనూ రుద్ది సాపు చేస్తే, తీగ అంచులు సన్నని గీతల్లా బయటపడతాయి. వాటికి బంగారు పూత పూస్తే పని పూర్తి.

ఆ తీగలు ఒక రంగు పక్క రంగులోకి పోకుండా ఆపుతాయి. ఒంపు మీద ముద్ద జారకుండా పట్టుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, గాజు పెద్ద పలకగా కాకుండా చిన్న ముక్కలుగా ఉంటుంది గనక లాగుడూ నొక్కుడూ ఒకచోట పోగుపడవు. ప్రతి ముక్కకీ నాలుగు పక్కలా పట్టు ఉంటుంది.

ఇప్పుడు నీ మ్యూజియం ప్రశ్నకి వస్తాను. పువ్వు మీద గాజుకి రేకుల గీతలే పట్టు ఇస్తాయి. పువ్వుకీ పువ్వుకీ మధ్య నేల సంగతేమిటి? అక్కడ ఖాళీ వదిలితే అంత నీలం పలక కింద ఒక్క గట్టూ ఉండదు. పగలాలన్నా లేవాలన్నా అక్కడే. అందుకని ఆ ఖాళీలోకి తామర తీగ పాకించాడు, ఆకు తొడిగాడు, మిగిలిన సందులో మబ్బు చుట్ట పెట్టాడు. నీకు ఇరికించినట్టు కనిపించిన ప్రతి మెలికా అక్కడ ఒక పని చేస్తోంది. చూసేవాడికి అలంకారం, చేసినవాడికి గట్టు. అది తెలిశాకే నాకు ఆ పాత్రల మీద గౌరవం పదింతలైంది. గట్టు వేయక తప్పనప్పుడు దాన్ని తామర తీగగా వంచాలని తోచిన మనిషి ఎవరో గానీ, ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈ విద్య చైనాలో పుట్టింది కాదు. పడమటి నుంచి, బైజాంటియం, ఇస్లామ్ దేశాల వైపు నుంచి, మంగోలుల ఏలుబడిలో 14వ శతాబ్దంలో అక్కడికి చేరింది. 1388లో త్సావ్ జావ్ అనే పండితుడు పాత వస్తువుల గురించి రాస్తూ దీన్ని అరబ్బు దేశాల సరుకన్నాడు. ఆడవాళ్ల గదుల్లో పెట్టుకోవడానికి తగును గానీ చదువుకున్నవాళ్ల గదికి తగదన్నాడు. ఆయన మాట నిలవలేదు. 1426 నుంచి 1435 దాకా ఏలిన షుయాన్‌ద చక్రవర్తి ముద్రతో పాత్రలు వచ్చాయి. గుళ్లలో ధూపపాత్రలూ, దీపపు సెమ్మెలూ, పూల కూజాలూ ఈ పనితోనే చేయించారు. 1450 నుంచి 1457 వరకు ఉన్న జింగ్‌తాయ్ చక్రవర్తి పేరు మీద ఈ పనికి జింగ్‌తాయ్‌లాన్ అనే పేరే స్థిరపడింది. లాన్ అంటే నీలం. ఆ కాలపు పనికి ఎంత పేరంటే, తర్వాతి తరాలవాళ్లు తమ పాత్రల అడుగున కూడా ఆయన ముద్రే వేశారు. అందుకని అడుగున ముద్ర చూసి వయసు చెప్పడం ప్రమాదం. తీగ మందం చూడాలి, రంగు చూడాలి, గాజులో బుడగలు పేలిన సూదిమొన గుంటలు చూడాలి.

రంగులు నాకు మహా ఇష్టమైన భాగం. ఆ ఆకాశనీలం దేనితో వస్తుంది? రాగితోనే! ఎర్రటి రాగి నీలం ఎలా అవుతుందంటావు. మిరప చేలో మందు కొట్టేవాళ్లు వాడే మైలుతుత్తం చూశావుగా, అదీ రాగి ఉప్పే. రాగి లోహంగా ఉన్నప్పుడు ఒక రంగు, గాజులో కరిగి కలిసిపోయినప్పుడు ఇంకో రంగు. తెల్లని వెలుగులోంచి ఎరుపుని తను మింగి నీలాన్ని మనకి వదులుతుంది. ముదురు నీలానికి కోబాల్టు. అది రవ్వంత చాలు, గాజంతా సిరాలా మారుస్తుంది.

చిక్కంతా గులాబీ రంగుతో వచ్చింది. మింగ్ వంశ చక్రవర్తుల కాలపు పాత్ర మీద గులాబీ రంగుని భూతద్దంతో చూస్తే అది గులాబీ కాదు. ఎర్ర గాజు పలుకులూ తెల్ల గాజు పలుకులూ కలిపి నింపారు, మనం ఉప్పూకారం కలిపినట్టు. దూరానికి గులాబీగా కనిపిస్తుంది. అసలు గులాబీ 18వ శతాబ్దపు తొలి రోజుల్లో వచ్చింది, బంగారం నుంచి. బంగారాన్ని కరిగించి, కంటికి కనపడనంత సన్నని రేణువులుగా గాజులో చెదరగొడితే పసుపు పోయి కెంపు రంగు వస్తుంది. యూరప్‌లో 1685లో వచ్చిన కాసియస్ అనే ఆయన పుస్తకంతో, బంగారం ఇచ్చే ఊదా రంగుకి ఆయన పేరే పడింది. అది బంగారు రేణువుల మహిమేనని మైకేల్ ఫారడే చూపించింది 1857లో. చైనాలో కాంగ్‌షీ చక్రవర్తికి ఈ పనంటే పిచ్చి. కోటలోనే కార్ఖానా పెట్టించి, క్రైస్తవ గురువుల ద్వారా పనివాళ్లని రప్పించాడు. 1719లో ఫ్రాన్సు నుంచి గ్రావెరో అనే ఎనామిల్ చిత్రకారుడు బీజింగు చేరాడు.

వాళ్లతో వచ్చిన పద్ధతి వేరు. తీగలు లేవు. పల్చటి రాగి పాత్ర మీద తెల్ల ఎనామిల్ పూసి కాల్చి, ఆ తెలుపు మీద కుంచెతో బొమ్మ వేసి మళ్లీ కాల్చడం. కాంటన్ రేవులో ఇలాంటివి వేలల్లో చేసి ఓడలకెత్తారు. "గట్లు లేకపోతే పగలాలిగా?" అని పట్టుకుంది మా పిల్ల. పూత పల్చగా ఉంటే లాగుడు తక్కువ. పైగా వాళ్లు పాత్రకి వెనకవైపు కూడా ఎనామిల్ పూశారు. అప్పడం ఒకవైపే ఎండితే ఎలా ముడుచుకుని లేస్తుందో చూశావుగా, మీ నాయనమ్మ తిరగేసి రెండోవైపు ఆరబెట్టేది అందుకే. రెండు పక్కలా లాగుడు సమానమైతే రేకు వంగదు. నీ చేతిలో పళ్లెం తిరగేసి చూడు, వెనక కూడా పూతే.

ఇక ఆ బొమ్మల సంగతి. తామర మనకి కొత్తా? మన కృష్ణా నది వెంట పడమరగా వెళ్తే అమరావతి. ఆ స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె మీద ఎన్ని తామర చక్రాలు చెక్కారో! బుద్ధుడి మాటతోపాటు ఆ తామరా చైనా వెళ్లింది. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ మన ధాన్యకటకానికి, అంటే ఆ అమరావతి దగ్గరికే, నడిచొచ్చాడు. ఆయన దేశంలో ఆ తర్వాత ఏడు వందల ఏళ్లకి, మన రాతి మీది పువ్వు రాగి మీద గాజు పువ్వుగా పూసింది. పాత్రల మీద శంఖం, చక్రం, గొడుగు, జంట చేపలు కూడా కనిపిస్తాయి. అవన్నీ బౌద్ధుల శుభ చిహ్నాలే.

కానీ ఆ పాత్రల మీద గబ్బిలం చూసి పిల్ల ఆశ్చర్యపోయింది. మనింట్లోకి గబ్బిలం వస్తే కీడంటారు కదా! చైనాలో గబ్బిలాన్ని 'ఫూ' అంటారు, అదృష్టాన్నీ 'ఫూ' అనే అంటారు. పలుకు ఒకటే కాబట్టి గబ్బిలం బొమ్మ వేస్తే అదృష్టం కోరినట్టు. ఐదు గబ్బిలాలు వేస్తే ఐదు భాగ్యాలు. మన గుంటూరు సీమ కూడా గబ్బిలాన్ని చిన్నచూపు చూడలేదమ్మా. వినుకొండ బిడ్డ జాషువా 1941లో రాసిన కావ్యం పేరే 'గబ్బిలం'. గుడిలోకి రానివ్వని మనిషి తన బాధని కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలంతో కబురు పంపుతాడు. గుడిలోకి దాన్ని ఆపేవాళ్లు లేరు గనక. నువ్వు పై తరగతికి వచ్చాక ఇద్దరం కలిసి చదువుదాం.

ఒక జాగ్రత్త. ఇలాంటి పాత చైనా పాత్ర ఎవరింట్లోనైనా ఉంటే చూసుకోవడానికే. పులుపు తగిలితే గాజులోని సీసం కొద్దికొద్దిగా ఊరుతుంది. చింతపండూ నిమ్మకాయా దాని దరిదాపులకి రానివ్వకూడదు.

మరి మన పళ్లెం? ఇనుము రాగి కన్నా తక్కువ సాగుతుంది, గాజుకి దగ్గరగా ఉంటుంది, ఆ విధంగా నయమే. దాని ఇబ్బంది అతుకు. తెల్ల గాజు నేరుగా ఇనుముని పట్టుకోదు. పెచ్చు లేచిన చోట చూడు, తెలుపు కింద నల్లటి నీలం పొర కనిపిస్తోంది కదూ? అది మొదటి పూత. అందులో రవ్వంత కోబాల్టు ఉంటుంది. కాల్పులో ఆ కోబాల్టు ఇనుముతో కలబడి, ఇనుము ఉపరితలాన్ని గరుకు చేసి, గాజు వేళ్లు తన్నేలా చేస్తుంది. చైనా కూజా మీద అందానికి పెట్టిన కోబాల్టు ఇక్కడ తెలుపు వెనక దాక్కుని పట్టు ఇస్తోంది.

అంతా విని, పిల్ల అడిగింది: "ఆ రాగి డబ్బు ఏమైంది తాతయ్యా?"

నా చెక్కపెట్టెలో అడుగున ఉంది. తీసిచ్చాను. అరవై ఏళ్లు దాటినా నేను దాన్ని సరిగ్గా చూడనేలేదు. పిల్ల భూతద్దం తెచ్చి, వసారా మెట్టు మీద కూర్చుని, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను పిలిచి చూపించింది. నున్నటి భాగమంతా బోడిగా ఉంది. అచ్చు వేసిన అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి కదా, ఆ అక్షరాల సందుల్లో, అంచు గట్టు పక్కన, ఆవగింజంత, నువ్వుగింజంత నీలం గాజు ఇంకా అంటుకునే ఉంది.